నా బిడ్డ ఇట్లేల పుట్టెను?

ధ్యాన భాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము



గత సంవత్సరము పత్తి తీయు దినములలో, మాచర్లకు దాపుననున్న ఒక పల్లెలో సాయంకాలపు గృహప్రార్థనకు వెళ్లియుంటిని. పాటలైనవి, వాక్యమైనది, ఆశీర్వచనము చెప్పితిని. అందరును లేచి వెళ్లిరి గాని ఆ యింటి కోడలు మాత్రము గుంజకు ఆనుకొని అచ్చటనే నిలిచియుండెను. ఆమె కుమారునికి ఐదేండ్లు. మేము పాడుచున్నంతసేపును వాడు నేలమీద ఒక సత్తుగిన్నె మూతను బొంగరమువలె త్రిప్పుచు దానినే చూచుచుండెను. పేరుపెట్టి పిలిచిన తల యెత్తడు. ఆకలియైన నోటితో అడుగడు, తల్లి చేయి పట్టి అన్నపుగిన్నె యొద్దకు లాగుకొనిపోవును. అయితే మేము ముగించిన కీర్తన రాగమును మాత్రము, మాటలు లేకుండ, ఒక్క స్వరమైనను తప్పకుండ, కూనిరాగము తీయుచుండెను.

"అయ్యగారూ, డాక్టరుగారు దీన్ని ఆటిజం అన్నారండీ. మందుతో పోయేది కాదు, ఓపిగ్గా నేర్పితే నేర్చుకుంటాడు అన్నారు. అదంతా సరేనండీ. నా బిడ్డ ఇట్లా పుట్టడానికి నేనేం తప్పు చేశానో అది చెప్పండి" అని ఆమె అడిగెను.

నేను నోరు తెరువకముందే జవాబులన్నియు తానే చెప్పెను. అత్తగారు, అనగా ఆమె సొంత మేనత్తయే, గ్రహణము నాడు కదలకుండ పండుకొనలేదు గనుక అనెనట. ఇరుగుపొరుగువారు మేనరికము వలన అనిరట. ఒకరు సెల్‌ఫోను వలన అనిరట. సంఘములోని ఒక సహోదరి, కడుపుతో ఉన్నప్పుడు ఉపవాస ప్రార్థనలకు రాలేదు గనుక అనెనట. ఇవన్నియు చెప్పునప్పుడు ఆమె గొంతు మామూలుగానే యుండెను. తరువాత గొంతు తగ్గించి, "కాన్పు నాటి రాత్రి ఆటో దొరకలేదండీ. తెల్లవారేదాకా ఇంట్లోనే ఉన్నాను. పుట్టగానే బిడ్డ ఏడవలేదు" అనెను. ఈ కడపటి మాట ఆమెతో ఎవరును అనలేదు. ఐదేండ్లనుండి తనకు తానే చెప్పుకొనుచున్నది.

నేను ప్రార్థన చేసి వచ్చితిని. జవాబు చెప్పలేదు. ప్రార్థన జవాబునకు బదులుగా వాడుకొనదగినది కాదని దారిలో నాకు తోచెను. ఆ బాకీ తీర్చుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి యేసుప్రభువును అడిగిన ప్రశ్న మీకందరికి తెలియును. దోషము వానిదా, వానిని కన్నవారిదా అని వారడిగిరి. మూడవ మార్గమొకటి యుండవచ్చునని వారికి తోచలేదు. ఇంకొకటి గమనించుడి. ఆ మనుష్యుడు అచ్చటనే కూర్చుండియున్నాడు. వానికి కన్నులు లేవు గాని చెవులున్నవి. వాడు వినుచుండగనే వాని పుట్టుకను గూర్చి విచారణ జరిగినది. మన పల్లెలలో అరుగులమీద జరుగు విచారణలును ఇట్టివే. తల్లి వినుచునే యుండును, బిడ్డయు వినుచుండును. మాటాడని బిడ్డలనేకులు మనమనుకొనుదానికంటె ఎక్కువగా గ్రహించుదురు.

శిష్యుల ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడియున్నవి. ఇది ఎట్లు కలిగెను అనునది ఒకటి, ఎవరు దోషులు అనునది రెండవది. మొదటిది వైద్యులడుగు ప్రశ్న. దానిని అడుగుట తప్పు కాదు. రెండవది న్యాయాధిపతి అడుగు ప్రశ్న. మనము వైద్యుని ప్రశ్నతో మొదలుపెట్టి, తెలియకుండగనే న్యాయాధిపతి పీఠమెక్కి కూర్చుందుము. అక్షరము రాని పల్లెటూరివారు మాత్రమే ఇట్లు చేయుదురని తలంచకుడి. గొప్ప చదువు చదివినవారును చేసిరి.

1842లో మన తెలుగు దేశములో లూథరను మిషను పని మొదలుపెట్టిన హయ్యరు అయ్యగారు, యాబది యేండ్లు దాటిన పిమ్మట అమెరికాలోని బాల్టిమోరు నగరములో వైద్యవిద్య నేర్చి, మరల వచ్చి 1849లో మన పల్నాటి గురజాలలో సేవచేసిరి. అదే బాల్టిమోరులో, సుమారు నూరేండ్ల తరువాత, 1943లో లియో కానరు అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఒంటరితనమునే కోరుట, అన్నియు మార్పులేక ఒక్కతీరుగా నుండవలెనని పట్టుపట్టుట, మాట వింతగా నుండుట లేక రాకుండుట, ఇట్టి లక్షణములు వారిలో చూచి దీనికి ఆటిజము అను పేరు వాడెను. అప్పటికి సెల్‌ఫోను లేదని చెప్పనక్కరలేదు. (పసివారి చేతికి ఫోను ఇచ్చుట మంచిదని దీని భావము కాదు.)

ఆ వైద్యుడు ఇది పుట్టుకతోనే వచ్చునని మొదట వ్రాసియు, తల్లిదండ్రులలో వెచ్చదనము తక్కువని కూడ వ్రాసెను. 1949లో ఆ పిల్లలను శీతలపెట్టెలో ఉంచబడినవారితో పోల్చెను. ఆ పోలిక పట్టుకొని లోకము పరుగెత్తెను. చికాగోలో బ్రూనో బెటెల్‌హైం అనునతడు 1967లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించి, బిడ్డ యిట్లగుటకు తల్లి ప్రేమలేమియే మూలమన్నట్లు బోధించెను. ఎందరో తల్లులు ఆ మాట విని క్రుంగిపోయిరి. మన అత్తగారి గ్రహణమునకును ఆ పండితుని గ్రంథమునకును భేదమేమి? రెండింటిలోను సాక్ష్యము లేదు, రెండింటిలోను ముద్దాయి తల్లియే.

ఆ మాటను ఎదిరించినవారిలో మొదటివాడు ఒక తండ్రి. బెర్నార్డు రింలాండు తన కుమారుడు ఇట్టివాడే యగుటచేత, దొరికిన వ్రాతలన్నియు చదివి, ఇది పెంపకపు దోషము కాదు, శరీర నిర్మాణమునకు చెందినదని 1964లో ఒక పుస్తకము వ్రాసెను. 1969లో కానరు ఆటిజముగల బిడ్డల తల్లిదండ్రుల సభలో నిలిచి, వారిని నిర్దోషులనుగా ఎంచుచున్నానని పలికెను. నిర్దోషి యను మాట మన సంఘములలో ఎంత బరువైనదో మీకు తెలియును. ఒక వైద్యుడు ఆ మాట చెప్పుటకు ఇరువది యారేండ్లు పట్టెను.

ఇక సాక్ష్యము గల సంగతులు చెప్పెదను. 1977లో ఇంగ్లాండులో కవలలను పరీక్షించిరి. ఒకే పోలికగా పుట్టు కవలలు పదునొకండు జతలలో నాలుగు జతలందు ఇద్దరికిని ఆటిజముండెను. వేరు వేరు పోలికలుగల కవలలు పది జతలలో ఒక్క జతయందును ఇద్దరికి లేదు. అనగా ఇది పెంపకములో కాదు, చాలమట్టుకు జన్యువులలో నున్నదని తేలెను. 2019లో ఐదు దేశములలో 20 లక్షల మంది పిల్లల లెక్కలు చూచి, ఎవరికి కలుగును, ఎవరికి కలుగదు అను భేదములో నూటికి ఎనుబది పాళ్లు జన్యువుల భేదమువలననే అని అంచనా కట్టిరి. ఈ జన్యువులు తల్లి యొద్దనుండియు తండ్రి యొద్దనుండియు వచ్చును. కొన్ని మార్పులైతే ఇద్దరిలోను లేకయే బిడ్డ యేర్పడునప్పుడు క్రొత్తగా కలుగును. ఇందులో ఒకరు ఎన్నుకొనినది ఏదియు లేదు.

మిగిలిన కారణములును కొన్ని యున్నవి. తల్లిగాని తండ్రిగాని పెద్ద వయస్సువారైన కొంచెము హెచ్చు. నెలలు నిండక పుట్టిన బిడ్డలలో, మిక్కిలి తక్కువ బరువుతో పుట్టినవారిలో, పుట్టునప్పుడు ప్రాణవాయువు అందనివారిలో హెచ్చు. ఫిట్సుకు వాడు వాల్‌ప్రోయేట్ అను మందు గర్భకాలములో తీసికొనిన హెచ్చు. (ఇది చదివి ఎవరును మందు తమంతట తాము మానివేయరాదు. గర్భము రాకముందే డాక్టరుతో మాటాడవలెను.) గర్భములో నున్నప్పుడు తల్లికి రుబెల్లా, అనగా మూడునాళ్ల తట్టువంటి జ్వరము, సోకిన బిడ్డకు గ్రుడ్డితనము, చెవుడు, గుండెజబ్బు మాత్రమే గాక ఆటిజమును కలుగవచ్చునని 1964 నాటి అమెరికా వ్యాధి తరువాత చూచిరి. దానికి టీకా యున్నది. విచారకరమేమనగా, 1998లో ఇంగ్లాండు వైద్యుడొకడు పండ్రెండుగురు పిల్లలను చూపి ఆ టీకావలననే ఆటిజము వచ్చునన్నట్లు వ్రాసెను. ఆ వ్యాసమును పత్రికవారే 2010లో రద్దుపరచిరి. డెన్మార్కులో 6,57,461 మంది పిల్లలను చూచి, టీకాకును దీనికిని సంబంధము లేదని 2019లో ప్రకటించిరి. భయపెట్టిన ఆ టీకాయే నిజమైన కారణములలో ఒకదానిని ఆపునది.

మన తెలుగు నాటి మాటయు చెప్పవలెను. దేశములో ఐదు చోట్ల, అందులో హైదరాబాదు ఒకటి, రెండు మొదలు తొమ్మిదేండ్ల వయస్సుగల 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. ఆటిజము, మూర్ఛ, చెవుడు, బుద్ధిమాంద్యము మొదలగు ఎదుగుదల లోపములన్నియు కలిపి చూడగా, ఆసుపత్రిలో గాక వేరుచోట జరిగిన కాన్పు, పుట్టినప్పుడు ఊపిరాడకపోవుట, తక్కువ బరువు, పురిటిలో జబ్బు, తరువాత మెదడునకు సోకిన జ్వరములు, పోషణలేమి, ఇవి ఆ లోపములతో కూడియుండుట కనబడెను. ఇవి పాపముల జాబితా కాదు. చదివి చూడుడి, ఇది బీదరికపు జాబితా.

మేనరికమును గూర్చి దాచను. మన రాష్ట్రములో ఇంచుమించు నాలుగింట ఒక వివాహము రక్తసంబంధములోనే జరుగుచున్నది. చెవుడు, బుద్ధిమాంద్యము, మరి కొన్ని వ్యాధులు అట్టి వివాహములలో హెచ్చని వైద్యులు చూపియున్నారు. ఆటిజము విషయములో అంత సూటియైన సాక్ష్యము లేదు. కాని ఆ తల్లి సంగతి ఆలోచించుడి. పొలము బయటికి పోకూడదని పెద్దలు సంబంధము కలిపిరి. ఆ పిల్లను ఎవరడిగిరి? కాన్పు రాత్రి ఆటో లేనిది ఆమె తప్పా? ఏ ఆసుపత్రికి, ఎప్పుడు అని నిర్ణయించినది ఆమెయా? ఇంటిలో ఎవరి మాటకు విలువ లేదో వారి నెత్తిననే నేరము మోపబడుచున్నది. ఇది నాకు మిక్కిలి అన్యాయముగా కనబడుచున్నది.

ఇప్పుడు ఆమె కడపటి మాటకు వచ్చెదను. పుట్టగానే బిడ్డ ఏడవలేదు. "అమ్మా, దానికిని దీనికిని ఏమియు సంబంధము లేదు" అని చెప్పి ఓదార్చుట సులభము. అది అబద్ధమగును. అబద్ధముతో చేసిన ఓదార్పు ఆమె మరియొక డాక్టరును అడుగువరకే నిలుచును. వేయిమంది బిడ్డలను వరుసగా నిలువబెట్టిన, ఊపిరి అందక పుట్టినవారిలో ఆటిజము కొంచెము ఎక్కువమందికి కనబడును. అది సత్యము. కాని ఆ వేయిమందిలో ఈ యొక్క బిడ్డకు దానివలననే కలిగెనని ఎవరు చెప్పగలరు? మిరప నారు పోసిన రైతునకు ఈ సంగతి తెలియును. వాన తక్కువైన మొలక తగ్గునని అతడు చెప్పగలడు గాని, ఫలాని మొక్క ఇట్లుండుటకు ఫలాని దినపు ఎండయే కారణమని ప్రమాణము చేయలేడు. (బిడ్డలు మిరప మొక్కలు కారు. పోలిక ఇంతవరకే.) ఊపిరి అందక పుట్టిన బిడ్డలలో అనేకులు ఏ లోపమును లేక పెరుగుచున్నారు. ఏ కష్టమును లేక ఆసుపత్రిలో పుట్టినవారిలోను ఆటిజమున్నది. అంతేకాదు, గర్భములోనే వేరు విధముగా ఎదుగుచున్న బిడ్డకు కాన్పులో కష్టము కలుగవచ్చుననియు, కాన్పు కష్టము కారణము గాక గురుతు మాత్రమే కావచ్చుననియు కొందరు పండితులు చెప్పుచున్నారు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో, ఒక్క సాక్షి మాటమీద ఎవనిపైనను నేరము స్థాపింపకూడదని, ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనని ధర్మశాస్త్రము విధించుచున్నది. ఈ తల్లి తనపై తానే ఫిర్యాదియై, తానే సాక్షియై, తానే తీర్పరియై ఐదేండ్లు శిక్ష అనుభవించుచున్నది. మోషే ధర్మశాస్త్రపు న్యాయస్థానములో ఆ వ్యాజ్యెము నిలువదు.

మన పెద్దలలో కొందరు నిర్గమకాండము 20వ అధ్యాయము చూపుదురు. తండ్రుల దోషము మూడు నాలుగు తరములవరకు కుమారులమీదికి వచ్చునని అచ్చట లేదా అందురు. ఉన్నది. తండ్రి త్రాగి పొలము పోగొట్టిన మనుమలు కూలికి పోవుట మనము చూచుచునే యున్నాము. కాని ఆ మాటను తలక్రిందుగా చదువరాదు. కష్టములోనున్న ప్రతి బిడ్డను చూచి వెనుకకు నడిచి పాపమును వెదకుమని అచ్చట వ్రాయబడలేదు. యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడు ఆ విధమైన సామెతనే ఇశ్రాయేలులో పలుకవద్దనెను. లూకా 13లో సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చియు యేసు అట్లే చెప్పెను. గ్రుడ్డివాడు కడుగుకొనుటకు పంపబడినది ఆ సిలోయము కోనేటికే యని చదివినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

అయితే యేసు ఇచ్చిన జవాబును మనము ఎట్లు వాడుచున్నాము? దేవుని క్రియలు వానియందు కనబడుటకే అని ఆయన చెప్పిన మాటను కొందరు తల్లులతో చటుక్కున చెప్పివేయుదురు. దేవుడు తన మహిమ కొరకు నా బిడ్డ నోరు కట్టెనా అని ఆమె లోలోపల కుములును. ఆ మాట అనిన వెంటనే ప్రభువేమి చేసెనో చూడుడి. నేలమీద ఉమ్మివేసి, బురద కలిపి, పని మొదలుపెట్టెను. పగలున్నంతలో పని చేయవలెననెను. శిష్యుల చూపు వెనుకకు, గర్భమువైపునకు, తిరిగియుండగా ఆయన దానిని ముందుకు, చేయవలసిన పనివైపునకు, త్రిప్పెను. పని చేయనివారు ఆ వచనమును నోట పలుకకుండుట మేలు. యోబు స్నేహితులు ఏడు దినములు మాటాడక నేలమీద కూర్చున్నంతకాలము మంచివారే.

ఆ అధ్యాయములో నన్ను ఎక్కువగా బాధించునది మరొకటి. గ్రుడ్డివాని తల్లిదండ్రులను పిలిచి అడిగిరి. వీడు మా కుమారుడే, పుట్టు గ్రుడ్డివాడే, మిగిలినది మాకు తెలియదు, వానినే అడుగుడి అని వారు తప్పించుకొనిరి. ఎందుకు? సమాజమందిరమునుండి వెలివేయుదురేమో అను భయముచేత. సొంత బిడ్డ చూపు పొందిన దినమున ఆ తల్లిదండ్రులు సంతోషింపలేక భయపడిరి. వారిని భయపెట్టినది ఊరు కాదు, రాజు కాదు, భక్తిగలవారి సమాజము.

మన మందిరములలో అట్టి భయము లేదా? ఆ తల్లి ఆదివారపు ఆరాధనకు రావడము మాని రెండేండ్లైనది. మైకు పెట్టెలు రెండు వైపుల మ్రోగగా ఆ బిడ్డ చెవులు మూసికొని కేకలు వేసెను. బయటికి తీసికొనిపొమ్మని ఒకరు సైగ చేసిరి. ఆమె తీసికొనిపోయినది, మరల రాలేదు. ఇట్టి పిల్లలలో అనేకులకు చప్పుడు చెవిలో సూదివలె గుచ్చుకొనును. మైకు తగ్గించుటకు ఏ సభ తీర్మానమును అక్కరలేదు. తలుపు దాపున ఒక చాప వేసి, లేచి తిరుగు బిడ్డను చూచి ఎవరును తల త్రిప్పకుండిన చాలును. దయ్యము పట్టెనని చెప్పి వాని తల పట్టి ఊపకుడి. భయపడిన బిడ్డ మరింత ముడుచుకొనును.

సహాయము దొరకు చోట్లును తెలిసికొనుడి. ఏడాది నిండినను పేరుకు తిరుగని, వ్రేలితో చూపని, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను, పెద్దయిన తరువాత వచ్చునులే అని విడువక, అంగన్‌వాడీ టీచరుకుగాని ఆశా కార్యకర్తకుగాని చూపుడి. 2013నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పిల్లలను పరీక్షించి పై ఆసుపత్రికి పంపు ఏర్పాటున్నది. సికింద్రాబాదులో ఇట్టి పిల్లలకు నేర్పు విధములు చెప్పు జాతీయ సంస్థ 1984నుండి పనిచేయుచున్నది. 2016 చట్టము ఆటిజమును అంగవైకల్యములలో చేర్చినది గనుక ధ్రువపత్రమునకు దరఖాస్తు చేయుటకు సిగ్గుపడనక్కరలేదు.

క్రిందటి నెలలో నేను మరల ఆ పల్లెకు పోయితిని. ఈ సంగతులన్నియు ఆ తల్లితో చెప్పితిని, దాచలేదు. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే అయ్యగారూ, రెండో కాన్పుకు వెళ్లొచ్చా?" అని అడిగెను. ఒక బిడ్డకు ఆటిజమున్న ఇంట తరువాతి బిడ్డకును కలుగుట ఐదుగురిలో ఒకరికి అని 2024లో ప్రకటించిన లెక్క చెప్పితిని. నలుగురికి కలుగదు. మీరిద్దరును డాక్టరుతో మాటాడి నిర్ణయించుకొనుడి, ఈసారి నెలలు నిండకముందే ఆసుపత్రి దగ్గర మకాము పెట్టుడి అంటిని. "అది మీరే మా అత్తకు చెప్పండి" అనెను.

అత్తగారు వాకిట మిరపకాయలు ఎండబెట్టుచుండెను. చెప్పితిని. ఆమె కాయలు తిరుగవేయుట మానకుండనే వినెను. "గ్రహణం నాడు నేనూ కడుపుతో పొలానికి పోయానులే అయ్యా. వీడి నాన్నే పుట్టాడు. బాగానే ఉన్నాడు" అని కొంతసేపటికి అనెను. మనుమడు త్రిప్పుచున్న మూత దొర్లి కాయలలోనికి వచ్చెను. ఆమె దానిని తీసి, చీరకొంగుతో కారము తుడిచి, వాని చేతికిచ్చెను.